నేలను మరిచిన నివేదిక

అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ ముందు సూటిగా జవాబు చెప్పుకోకపోతే తక్కిన వ్యవహారానికి అర్థం లేదు.

అన్యాయం ఇద్దరికి జరిగింది. మొదటివాడు వ్యోమగామి. తొంభై మూడు రోజులు మూసిన ఉక్కు గదుల్లో మొక్కలు పెంచుతూ గడిపి, తొంభై నాలుగో రోజు తెల్లవారేసరికి తన పడకలోనే ఊపిరాడక ప్రాణం విడిచాడు. రెండో మనిషి బతికే ఉంది. ఆ పడకగదిలో గాలి కదిలించే ఫ్యాన్ బిగించిన మెకానిక్ ఆమె. ఫ్యాన్ ఆగినందువల్ల మనిషి పోయాడనీ, స్క్రూ సరిగా బిగించని మెకానిక్ నిర్లక్ష్యమే అందుకు కారణమనీ నివేదిక తయారైంది. మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు అరెస్టు అని కూడా నిర్ణయమైపోయింది. పోలీసుల తరఫున ఒక్క సంతకం మాత్రం మిగిలి ఉంది.

ఆ సంతకం పెట్టవలసిన ఇన్‌స్పెక్టరుకు యాభై ఏడేళ్ళు. డిపార్ట్‌మెంటులో ఆమెను ఎదుట మేడమ్ అనీ, వెనక సందేహాలమ్మ అనీ అంటారు. రెండో పేరు సంగతి ఆమెకు తెలుసు. మొదటిదానికన్నా అదే నయమని ఆమె అభిప్రాయం.

అరెస్టు జరగవలసిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు ఆమె కంట్రోల్ గదిలో అడుగుపెట్టింది. అద్దం అవతల, పెద్ద షెడ్డులో, సిమెంటు నేల మీద, ఒకదానికొకటి అతికించిన మూడు ఉక్కు గొట్టాలు ఉన్నాయి. పనివాళ్ళు వాటిని డబ్బా అంటారు. సుదూర గ్రహానికి పోయే ప్రయాణంలో మనుషులు ఎలా బతుకుతారో తెలుసుకోవడానికి ముగ్గురిని నూట ఇరవై రోజులు అందులో పెట్టి మూశారు. డబ్బా ఎప్పుడూ ఎగరలేదు. ఎగరదు కూడా. అయినా ఆ భవనంలో ఆ మాట ఎవరూ అనకూడదని నియమం. లోపలివాళ్ళు కోట్ల మైళ్ళ దూరంలో ఉన్నట్టే అందరూ నడుచుకోవాలి, మాట్లాడాలి. శవాన్ని తేవడానికి తలుపు ఒక్క నిమిషం తీసి మళ్ళీ మూశారు గాని ప్రయోగం ఆపలేదు. మిగిలిన ఇద్దరూ, కమాండరూ డాక్టరమ్మా, ఇంకా లోపలే ఉన్నారు.

"కమాండరుతో మాట్లాడాలి," అంది ఇన్‌స్పెక్టరు.

మైకు ముందున్న ఉద్యోగి వినయంగా కుర్చీ జరిపాడు. "అడగండి మేడమ్. మాట అక్కడికి చేరడానికి ఆరు నిమిషాలు, తిరిగి రావడానికి ఆరు నిమిషాలు."

"ఎక్కడికి చేరడానికి?"

"అదే మేడమ్, వాళ్ళు దూరంగా ఉన్నారు కదా."

ఆమె అద్దంలోంచి చూసింది. డబ్బా తలుపు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. అయినా, పద్ధతిని ఒకసారి గౌరవిద్దామనుకుని, మైకులో అడిగింది. "మీరు ఎన్నింటికి లేచారు?"

పన్నెండు నిమిషాలు గడిచాయి. స్పీకరు గరగరమంది. కమాండరు గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఏ రోజు?"

ఇన్‌స్పెక్టరు మైకు కట్టేసింది.

"చూశావా అమ్మాయ్, అందుకే చెప్పాను, నివేదిక చదువుకుంటే చాలని," అంటూ వెనకనుంచి భద్రతాధికారి వచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి. ఒకప్పుడు ఆమె పై అధికారి. పోలీసు ఉద్యోగం వదిలి ఈ సంస్థలో చేరాడు. నివేదిక రాసింది ఆయనే. "రాత్రి రెండూ పదికి ఫ్యాన్ ఆగింది. ఆరూ పదికి కమాండరు చూశాడు. మధ్యలో నాలుగు గంటలు. బరువులేని చోట గాలి తనంతట కదలదు. వదిలిన ఊపిరి ముఖం చుట్టూ బుడగలా నిలిచిపోతుంది. మనిషి దాన్నే మళ్ళీ పీల్చి పీల్చి పోతాడు. కమాండరు వాంగ్మూలంలో ఉంది, డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. ఇంకేం కావాలి?"

"మెకానిక్ కావాలి."

"ఆ పిల్లనేం అడుగుతావు? ఏడుస్తుంది."

మెకానిక్ ఏడవలేదు. స్టోరు గదిలో బల్ల మీద కూర్చుని ఫోన్లో ఎవరినో గదమాయిస్తోంది. ఇన్‌స్పెక్టరును చూసి లేచి నిలబడింది. వెంట వచ్చిన భద్రతాధికారి గుమ్మం దగ్గరే ఆగాడు.

"మా ఆడపడుచు మేడమ్. పిల్లలు ఆవిడ దగ్గరున్నారు. నాలుగింటికి నన్ను తీసుకెళ్తే రాత్రికి వాళ్ళకేం చెప్పాలని నన్నే అడుగుతోంది. నాకు మాత్రం ఏం తెలుసు?"

"స్క్రూ సరిగ్గా బిగించావా?"

"నా సంసారమైనా ఊడుతుందేమో గానీ నేను బిగించిన స్క్రూ ఊడదు." కోపంతో ఆమె ముక్కుపుటాలు అదిరాయి. "బిగించాక స్క్రూ తల మీంచి పక్క రేకు మీదకి గోళ్ళరంగుతో ఒక్క గీత గీస్తాను, ఎర్రది. ఎవడైనా తిప్పితే గీత విరుగుతుంది. తిప్పకపోతే పదేళ్ళైనా గీత గీతే. లోపలికెళ్ళి చూడమని వీళ్ళని నిన్నట్నుంచి మొత్తుకుంటున్నాను. ప్రయోగం పాడవుతుందట."

"ఫ్యాన్ ఆగితే అలారం మోగదా?"

"మోగేది. చెవులు చిల్లులు పడుతున్నాయి, తీసెయ్యమని నలభయ్యో రోజున కమాండరు గారే కబురంపారు. తీసేశారు. ఆ మాట రిపోర్టులో ఉందా?"

లేదు.

ఇన్‌స్పెక్టరు స్టోరు గదిలోంచి వచ్చి, షెడ్డు నేల మీద నడిచి, డబ్బా తలుపు ముందు ఆగి, పిడికిలితో మూడుసార్లు కొట్టింది. వెనకనుంచి ఐదారుగురు పరుగెత్తుకొచ్చారు. భద్రతాధికారి ఆయాసపడుతూ ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"తొంభై ఐదు రోజులుగా నడుస్తున్న ప్రయోగం ఇది. నువ్వు మళ్ళీ తలుపు తీస్తే అంతా గంగపాలు. డైరెక్టరు గారు నా ఉద్యోగం ఊడబీకుతారు."

"ప్రయాణం ఉత్తుత్తిదే కావచ్చు సార్. చావు ఉత్తుత్తిది కాదు. తలుపు తీయించండి."

ఒంటిగంటా నలభైకి తలుపు తెరుచుకుంది. లోపలి గాలి మగ్గిన గుడ్డల వాసన కొట్టింది. మూడు నెలలు స్నానమంటే తడిగుడ్డతో తుడుచుకోవడమే అయిన మనుషుల వాసన అది. కమాండరు ద్వారానికి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. పొడవాటి మనిషి, గడ్డం నున్నగా గీసుకున్నాడు, అసలు అంతరిక్షయాత్రకు పేరు ఖరారైనవాడని నివేదికలో ఉంది.

"మీరు రాకూడదు," అన్నాడు.

"వచ్చేశాను. మీరు భోజనాల బల్ల దగ్గర కూర్చోండి. పిలిచేదాకా లేవకండి."

ఆయనకు కాపలాగా తన కానిస్టేబుల్ని నిలబెట్టి, ముందుగా ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి. తల పల్లానికీ కాళ్ళు ఎత్తుకూ ఉండేలా వాల్చిన మంచం మీద పడుకుని ఉంది. ఒంటినిండా తీగలు. బరువులేని చోట నెత్తురు తలకెక్కుతుందట. నేల మీద ఆ స్థితి తెప్పించాలంటే ఇదొక్కటే దారి.

"ఎన్నాళ్ళైంది ఇలా?"

"నాలుగు రోజులు. ఇవాళ సాయంత్రానికి దింపుతారు. ముక్కు దిబ్బడ, మొహం వాపు, నడుం నొప్పి. ఒకరు చచ్చిపోయినా లేవనివ్వలేదండీ. లేస్తే మంచం కింద తూకం తప్పుతుంది, లెక్క పాడవుతుంది, మళ్ళీ మొదట్నుంచి పడుకోవాలి."

"అంటే ఆ రాత్రి మీరు లేవలేదని మంచమే చెబుతుంది."

"నిమిషం నిమిషానికి రాసుంటుంది. చూసుకోండి."

ఇన్‌స్పెక్టరు తెరమీది వరుసలను చూసింది. రాత్రి పదినుంచి ఉదయం ఏడువరకు మంచం మీద బరువు యాభై ఎనిమిది కిలోలే. ఒక్కసారి కూడా తగ్గలేదు.

"ఏమైనా వినిపించిందా?"

"చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఆయన నమిలే చప్పుడు మూడు నెలలుగా వింటున్నాను, కలలో కూడా అదే వినిపిస్తోంది. ఆయన అంటే కమాండరు." ఆమె గొంతు తగ్గించింది. "ఎప్పుడో బుస్సుమని ఒక చప్పుడైతే వచ్చింది. పంపు అనుకున్నాను. పొద్దున్నే తల పగిలిపోయింది. ఈ డబ్బాలో తలనొప్పి లేని రోజు ఏది గనక."

"చనిపోయిన ఆయన చేతికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారం ఉండేదని విన్నాను."

"మా అందరికీ ఉంది. నూట ఇరవై రోజులూ అయ్యేదాకా ఎవరిదీ తెరవకూడదు. సిగ్గుపడకుండా ఉండటానికి ఆ నియమం."

"ఆయన సిగ్గుపడే స్థితి దాటిపోయాడు. తెరవండి."

పడుకున్న చోటునుంచే డాక్టరమ్మ మీటలు నొక్కింది. అంకెలు వచ్చాయి. ఆమె చాలాసేపు వాటిని చూసింది.

"రెండూ ముప్ఫై ఒకటికి ఆగిపోయింది."

"ఫ్యాన్ ఆగింది రెండూ పదికి. ఇరవై ఒక్క నిమిషాలు."

"నాలుగు గంటలన్నారు కదా," అన్నాడు వెనకే వచ్చిన భద్రతాధికారి. ఆ మాటలో మొదటిసారిగా కాస్త బలం తగ్గింది.

మృతుడి పడకగది బీరువా అంత ఉంది. నేలకు ఆనుకుని పరుపు, పక్కకు జరిపే తలుపు, తలవైపు గోడలో అరచేయంత ఫ్యాన్. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సవరించుకుని టార్చి వేసింది. నాలుగు స్క్రూలు. మూడింటి మీద ఎర్రగీత నిటారుగా, చెక్కుచెదరకుండా ఉంది. నాలుగోదాని మీద తలపై ఉన్న సగం గీత ఒకవైపు చూస్తుంటే, రేకు మీది సగం మరోవైపు చూస్తోంది. పక్కనే రంగు మీద కొత్త గాటు. తిప్పిన చేతికి ఆ పని అలవాటు లేదు.

"నాకు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచే మీటరు ఇవ్వండి," అంది ఆమె. "ఫ్యాన్ తీగ లాగెయ్యండి. ఇప్పుడు ఒకటీ యాభై ఆరు. రెండూ పదిహేడుకి తలుపు తీయండి."

"ఎవరు పడుకుంటారు?"

"నేనే. మీరు ఇందులో పట్టరు."

ఆమె ఖాకీ చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ పెట్టెలో పడుకుంది. తలుపు జరిపారు. మీటరు గుండెల మీద పెట్టుకుంది. మొదట సున్నా పాయింటు నాలుగు శాతం. పది నిమిషాలకు సున్నా పాయింటు ఐదు. బయట భద్రతాధికారి రెండుసార్లు తలుపు తట్టి, "బతికే ఉన్నావా?" అని అడిగాడు. రెండుసార్లూ ఆమె, "మీటరు చదువుకోనివ్వండి," అంది. తలుపు తెరిచినప్పుడు మీటరు సున్నా పాయింటు ఏడు చూపించింది. ఆమె నడుం పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"మనిషిని చంపాలంటే ఎంత కావాలి డాక్టరుగారూ?"

"పది శాతం దాటాలి," అని డాక్టరమ్మ మంచం మీంచి జవాబిచ్చింది.

"సార్, ఇది ఎక్కడుంది?" ఇన్‌స్పెక్టరు కాలితో ఉక్కు నేలను తట్టింది. "నేల మీద. వదిలిన ఊపిరి వెచ్చగా ఉంటుంది, పైకి పోతుంది, చల్లగాలి దాని చోటికి వస్తుంది. ఇది నాకు ఆరో తరగతిలో చెప్పారు. మీ బుడగ అంతరిక్షంలో కడుతుంది. ఇక్కడ కట్టదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు తొంభై రోజులు నేల లేదని నటించి నటించి, నేల ఉన్న సంగతే మరిచిపోయారు. ఆ మరుపు మీద ఒక ఆడమనిషిని జైలుకు పంపుతున్నారు."

భద్రతాధికారి చెవులు ఎర్రబడ్డాయి. ఆమెను మొక్కల గది మూలకు తీసుకుపోయి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నీకు మొదట్నుంచీ ఇదే జబ్బు. సంతకం పెట్టి వెళ్ళిపో. ఆ పిల్లకి బెయిలొస్తుంది, కేసు నడుస్తుంది, అంతా సర్దుకుంటుంది."

"ఎవరికి సర్దుకుంటుంది?"

"నాకు. ఈ వయసులో ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి రాదు." ఆయన ఇంకా దగ్గరికి జరిగాడు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ నోరెత్తి అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. ఆ హత్యకేసులో కత్తి బస్సులో వదిలేసి వచ్చింది ఎవరు? ట్రైనింగులో ఉన్న పిల్ల, ఉద్యోగం పోతుందని, నా చేతిలోనే పోయిందని రాసి సంతకం పెట్టింది ఎవరు? దాంతో నాకు ప్రమోషన్ ఆగింది. చేతగానివాడన్నారు. ముప్ఫై రెండేళ్ళు మోశాను. నీకోసం నేను ఒక్క సంతకం పెట్టాను. నాకోసం నువ్వు ఒక్కటి పెట్టు."

ఆయన చెప్పినదంతా నిజం. ఆ నిజం లేకపోతే ఆమెకు ఈ యూనిఫారం లేదు, ఈ కేసూ లేదు. ఆమె మొక్కల వైపు తిరిగి నిలబడింది. అరల్లో ఆకుకూరలు ఏపుగా ఉన్నాయి. అరల కింద మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే, పొడవాటి రబ్బరు గొట్టం బిగించిన సిలిండరు ఒకటి, పక్కన తూకం, తూకానికి తాడుతో కట్టిన నోటుపుస్తకం.

ఆమె నోటుపుస్తకం తెరిచింది. మృతుడి రాత ముత్యాల్లా ఉంది. ప్రతి రాత్రి పది గంటలకు, దీపాలు ఆర్పేముందు, సిలిండరు తూచి రాసుకున్నాడు. తొంభై మూడో రోజు: పంతొమ్మిది పాయింటు ఆరు కిలోలు. పంపు కట్టేశాను.

"దీన్ని తూచండి సార్."

"ఎందుకు?"

"మీరు అడిగినదానికి జవాబు చెప్పేముందు నాకు ఇది తెలియాలి."

ఆయన విసుక్కుంటూనే సిలిండరు ఎత్తి తూకం మీద పెట్టాడు. పదహారు పాయింటు మూడు.

"చీకట్లో మొక్కలు దీన్ని తీసుకోవు," అంది ఆమె. "పంపు అప్పట్నుంచి కట్టేసే ఉంది. ఆ రాత్రినుంచి ఇప్పటికి మూడు కిలోల పైన ఎటు పోయింది? ఆ బీరువా గదిని నింపడానికి సరిగ్గా సరిపోతుంది. ఇది ఊపిరిలా పైకి పోదు. చల్లగా, బరువుగా, నీళ్ళలా పల్లానికి చేరి నిలుస్తుంది. ఆయన పడుకున్నది నేల మీద."

భద్రతాధికారి తూకం వైపు, గొట్టం వైపు, పడకగది తలుపు వైపు చూశాడు. నాలుగు అడుగుల దూరం. ఆయన పోలీసు బుర్ర ఇరవై ఏళ్ళ తరువాత కదిలింది.

"ముగ్గురు. ఒకడు పోయాడు. ఆవిడ మంచం దిగలేదు," అన్నాడు నెమ్మదిగా.

"మిగిలినవాడు ఒక్కడే. కారణం కూడా ఇందులోనే ఉంది." ఆమె పుస్తకం వెనక్కి తిప్పింది. నలభై ఒకటో రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. తెల్లవారుజామున మూడూ పన్నెండుకు మొక్కల గదిలో కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా బయటిగాలి అంతకు పడిపోయింది. ఆరు నిమిషాలు అలాగే ఉండి మళ్ళీ పెరిగింది. కింద ఒకే వాక్యం రాసి ఉంది: తలుపు తెరిచారు, ఎవరో అడగాలి. తొంభై మూడో రోజు పేజీలో, తూకం అంకె కింద: అడిగాను, ముగింపు రోజున నేనే చెబుతానన్నాను.

మూడూ ఇరవైకి ఆమె భోజనాల బల్ల దగ్గర కమాండరు ఎదుట కూర్చుంది. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు.

"నలభై ఒకటో రోజు ఎందుకు తెరిచారు?"

"గోడలు దగ్గరికొస్తున్నట్టుండేది. ఎవరితో చెప్పను? చెబితే ఇంకోణ్ణి పంపిస్తారు." ఆయన వేళ్ళు బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. "తల బయటపెట్టి గాలి పీల్చుకున్నాను. ఆరు నిమిషాలు. అంతే. వాడు దాన్ని మొక్కల్లో కనిపెట్టాడు. బతిమాలాను. పన్నెండేళ్ళ కష్టమన్నాను. నిజంగా పైకి వెళ్ళాక తలుపు తీస్తే నీతోపాటు అందరూ చస్తారు, అందుకే చెప్పాలి అన్నాడు."

"ఆయన చెప్పింది సరైన మాట."

"తెలుసు."

"మరి బుడగ అని ఎందుకు చెప్పారు? ఇక్కడ బుడగ కట్టదని మీకు తెలియదా?"

ఆయన నవ్వబోయాడు గాని ముఖం సహకరించలేదు. "ఫ్యాన్ ఆగితే బుడగ కడుతుంది. పన్నెండేళ్ళుగా రోజూ అదే చదివాను. పైనా లేదు, కిందా లేదు అనుకోవడం నేర్పారు. అలాగే అనుకున్నాను. మీరు నేలని కాలితో తట్టేదాకా నాకు తట్టలేదు."

ఆయన లేచాడు. కానిస్టేబులు చెయ్యి వేయబోతే ఇన్‌స్పెక్టరు వద్దని తల ఊపింది. కమాండరు తెరిచి ఉన్న తలుపు దాకా నడిచి, గడప మీద కూర్చుని, షెడ్డులోని గాలి దీర్ఘంగా పీల్చుకున్నాడు.

"అక్కడ గదికి కిటికీ ఉంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది. చిన్నది," అంది ఇన్‌స్పెక్టరు.

ఆయనను తీసుకువెళ్ళారు. మూడూ నలభై ఐదు. కంట్రోల్ గదిలో బల్ల మీద సంతకం లేని నివేదిక అలాగే ఉంది. భద్రతాధికారి దాని పక్కన కూర్చుని ఉన్నాడు. డైరెక్టరు ఫోన్ మోగి మోగి ఆగింది. ఆయన ఎత్తలేదు.

"నన్ను పీకేస్తారు," అన్నాడు. "హత్యని ఫ్యాన్ కింద రాసిన ముసలాణ్ణి. అప్పుడూ చేతగానివాణ్ణే, ఇప్పుడూ చేతగానివాణ్ణే."

"ఇప్పటి సంగతి మీది. దాన్ని నేను మార్చను," అంది ఆమె. "అప్పటిది మీది కాదు."

ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, పై అధికారులను సంబోధిస్తూ, నిలబడే రాసింది. ముప్ఫై రెండేళ్ళ క్రితం హత్యకేసులో సాక్ష్యమైన కత్తిని బస్సులో పోగొట్టినది నేను. అప్పటి నా పై అధికారికి అందులో ఏ దోషమూ లేదు. నా ఉద్యోగం కాపాడటానికి ఆయన ఆ తప్పును తన మీద వేసుకున్నారు. అది తెలిసీ ఇంతకాలం నేను మౌనంగా ఉన్నాను. ఆయనకు ఆపిన పదోన్నతి నాకు ఆపవలసినది. ఆయన పేరు మీదున్న మచ్చ తొలగించి, నా మీద తీసుకోవలసిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

కింద సంతకం చేసి, తేదీ వేసి, ఆయన ముందుకు జరిపింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "నీకు పిచ్చా? ఐదు నెలల్లో రిటైరవుతున్నావు. ఇది పంపితే నీకేం మిగుల్తుంది?"

"మీరు అడిగింది ఒక్క సంతకం. పెట్టాను. పెట్టవలసిన కాగితం అది కాదు, ఇది."

"నేను అడిగింది ఇది కాదే."

"తెలుసు సార్. మీరు అడగకపోయినా నేను ముప్ఫై రెండేళ్ళ కిందటే ఇవ్వవలసింది."

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి చాచి తీసుకుని, కానిస్టేబులుకు ఇచ్చి, వెంటనే పంపించమంది. అతను రసీదు పుస్తకంలో వేళ రాసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. భద్రతాధికారి అతని వెనకే తలుపు దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తిరిగి వచ్చి, తన నివేదికను నిలువునా చింపి, స్టోరు గదికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇంటికి వెళ్ళు. పిల్లలకి ఏం చెప్పాలో మీ ఆడపడుచుని ఆలోచించొద్దని చెప్పు."

ముప్ఫై రెండేళ్ళ అప్పు, ఒక్క అక్షరం కూడా తగ్గకుండా, ఆ సాయంత్రం నాలుగు గంటలకు తీరిపోయింది.